నీలం పడితే చాలదు: నైట్రిక్ ఆక్సైడ్ నాడులను చూపించే స్టెయిన్ సరుకుపై సమీక్ష, తిరుపతి ల్యాబుల కోసం

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, వెటర్నరీ కాలేజీ ఉంది, మెడికల్ కాలేజీ, స్విమ్స్, ఐసర్ ఉన్నాయి. వీటిలో ఎక్కడి విద్యార్థి అయినా నైట్రిక్ ఆక్సైడ్‌తో పనిచేసే నాడీకణాలను స్లైడు మీద చూపించాలనుకుంటే, డీలర్ ఇచ్చే క్యాటలాగులో నాలుగు రకాల సరుకు కనిపిస్తుంది. మొదటిది ఎన్‌బీటీ, బీటా ఎన్‌ఏడీపీహెచ్ అనే రెండు పొడుల జంట: ఎలక్ట్రాన్లు అందితే నీలమయ్యే రంగుపొడి ఒకటి, ఆ ఎలక్ట్రాన్లు ఇచ్చే పొడి ఇంకొకటి. రెండోది, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ 'నాస్'ను పట్టే న్యూరోనల్ నాస్ యాంటీబాడీ. మూడోది నైట్రైట్ కొలిచే గ్రీస్ కిట్. నాలుగోది డాఫ్ అనే ఫ్లోరసెంట్ రంగు. నాలుగింటి మీదా 'నైట్రిక్ ఆక్సైడ్ డిటెక్షన్' అనే ఉంటుంది. నాలుగూ కొలిచేది మాత్రం నాలుగు వేరువేరు సంగతులు.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఏ గాంగ్లియాన్‌లో (నాడీకణాల ముడిలో), వెన్నుపాములో ఏ మూలన ఈ నాడులు ఉన్నాయన్నదే మీ ప్రశ్న అయితే మొదట పొడుల జంట కొనండి. డబ్బు మిగిలితే ఒక మంచి యాంటీబాడీ కొనండి. తక్కిన రెండూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. పొడుల జంట చవక, వేగం, ఫలితం కంటికి ఇంపుగా ఉంటుంది. కానీ దాన్ని గుడ్డిగా నమ్మితే థీసిస్ మొత్తం తప్పుదారి పడుతుంది. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా ఆ రెండు సీసాల గురించే.

ఆ నీలం అసలు దేని గుర్తు?

నైట్రిక్ ఆక్సైడ్ వాయువు. కణంలో నిల్వ ఉండదు, పుట్టిన కొద్ది సెకన్లలోనే మాయమవుతుంది. రక్తనాళాల్లో దీని పాత్రను బయటపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. వాయువును పట్టుకోలేం కాబట్టి దాన్ని తయారుచేసే ఎంజైమ్‌ను పట్టుకుంటాం. అది నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్. ల్యాబుల్లో అందరూ 'నాస్' అంటారు. ఎల్-ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చే దారిలో ఇది నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది. 1990లో బ్రెడ్ట్, స్నైడర్ దీన్ని మెదడు నుంచి శుద్ధిచేశారు.

ఈ ఎంజైమ్‌కు రెండు సగాలు. ఒక సగం ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. రెండో సగం ఆ ఎలక్ట్రాన్లతో ఆర్జినిన్ మీద పనిచేస్తుంది. ఫార్మాల్డిహైడ్‌లో నానబెట్టాక కూడా మొదటి సగం చాలావరకు బతికే ఉంటుంది. అప్పుడు దానికి ఎన్‌బీటీ అందిస్తే ఎలక్ట్రాన్లు దానికే ఇచ్చేస్తుంది. పసుపు పచ్చని ఎన్‌బీటీ ముదురు నీలం ఫార్మజాన్‌గా మారి ఎంజైమ్ ఉన్నచోటే గడ్డకడుతుంది. 1960లలోనే ఈ స్టెయిన్ ఉంది. మెదడులో అక్కడక్కడా కొన్ని కణాలు మాత్రమే ఎందుకు ఇంత నీలంగా మెరుస్తాయో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ నీలం పుట్టించే ఎంజైమ్‌ను ఎన్‌ఏడీపీహెచ్ డయాఫొరేజ్ అనేవారు. అదీ, ఈ నాస్ ఒకటేనని తేలింది 1991లో.

కాబట్టి నీలం అంటే 'ఇక్కడ నైట్రిక్ ఆక్సైడ్ ఉంది' అని కాదు. 'ఇక్కడ ఫార్మాల్డిహైడ్‌ను తట్టుకున్న ఒక రిడక్టేజ్ (ఎలక్ట్రాన్లు అందించే ఎంజైమ్) ఉంది' అని మాత్రమే. పొగ కనిపించింది సరే, నిప్పు ఉందో లేదో విడిగా చూడాలి. కొందరు నాస్‌ను అడ్డుకునే ఎల్-నేమ్ కలిపి నీలం ఆగలేదని కంగారు పడతారు. అది ఆగనే ఆగదు. ఎల్-నేమ్ అడ్డుపడేది ఆర్జినిన్ కూర్చునే చోట, నీలం పుట్టేది మొదటి సగంలో.

రెండు సీసాలు కొనేటప్పుడు

ఆర్డరు ఫోన్లో చెప్పకండి, రాసి పంపండి. 'ఎన్‌ఏడీపీహెచ్' అని చెబితే చివరి 'హెచ్' ఎగిరిపోయి ఎన్‌ఏడీపీ వస్తుంది, లేదా మధ్యలో 'పీ' పోయి ఎన్‌ఏడీహెచ్ వస్తుంది. రెండూ ఈ పనికి చెల్లవు. సీసా మీద బీటా రూపమని, రెడ్యూస్డ్ అని, టెట్రాసోడియం సాల్ట్ అని మూడు ముక్కలూ ఉండాలి. ఎన్‌బీటీ విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. బీసీఐపీ-ఎన్‌బీటీ అని కలిపి ద్రావణంగా అమ్మేది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కోసం తయారైనది. అందులోనూ ఎన్‌బీటీ ఉంది కదా అని తీసుకుంటే పేగు సెక్షన్‌లో (పలచగా కోసిన ముక్కలో) ఫాస్ఫటేజ్ ఉన్నచోటల్లా రంగు పడి కూర్చుంటుంది. విడి పొడే కావాలి. రెడీమేడ్ 'డయాఫొరేజ్ కిట్' పేరుతో వచ్చేవాటిలో కూడా ఉండేది ఈ రెండు పొడులూ ఒక బఫరే. ట్రిస్ బఫర్ కలుపుకోవడం వచ్చిన ల్యాబుకు కిట్ దండగ.

ఖర్చంతా ఎన్‌ఏడీపీహెచ్‌దే. వాడకం ఎక్కువగా మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున. 100 మిల్లీగ్రాముల సీసాతో 100 మిల్లీలీటర్లు తయారవుతుంది. సెక్షన్లను 50 మిల్లీలీటర్ల కోప్లిన్ జార్‌లో ముంచితే రెండు జార్లకే సీసా ఖాళీ. అదే సెక్షన్ చుట్టూ, ద్రావణం పారిపోకుండా ఆపే ప్యాప్ పెన్నుతో గీత గీసి 200 మైక్రోలీటర్లు బొట్టుగా వేస్తే అదే సీసాతో 500 స్లైడ్లు నడుస్తాయి. తేలియాడే మందపాటి సెక్షన్లకు 24 గుంటల ప్లేటు, గుంటకు అర మిల్లీలీటరు. ఈ ఒక్క లెక్క తెలిస్తే ఈ సరుకు ఖరీదైనదన్న మాటే రాదు. ఆవిరైపోకుండా స్లైడ్లను తడి గుడ్డ పరిచిన మూత డబ్బాలో పెట్టాలి. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 200 మైక్రోలీటర్ల బొట్టు అరగంటకే అంచుల్లో ఆరిపోతుంది, ఆరిన అంచు నల్లగా దొంగ నీలం చూపిస్తుంది.

డబ్బు ఆదా కోసం ఎన్‌ఏడీపీహెచ్ బదులు ఎన్‌ఏడీపీకి మాలేట్ కలిపే పాత పద్ధతి కూడా ఉంది. కణజాలంలోనే ఉన్న మాలిక్ ఎంజైమ్ అక్కడికక్కడ ఎన్‌ఏడీపీహెచ్ తయారుచేస్తుందన్నది దాని ఆధారం. కానీ అప్పుడు రంగు రెండు ఎంజైముల మీద ఆధారపడుతుంది. పాలిపోయిన సెక్షన్ చూసి ఏది చచ్చిందో చెప్పలేం. కొత్తగా మొదలుపెట్టేవారికి సిఫార్సు చేయం.

పొడి బతికుందా లేదా

ఎన్‌ఏడీపీహెచ్ తేమకూ వేడికీ ఆమ్లానికీ తట్టుకోదు. మంచి పొడి తెల్లగా లేదా లేత పసుపుగా, పొడిపొడిగా ఉంటుంది. గోడకు అంటుకుని ఉండలు కడితే అనుమానించాలి. అనుమానం అవసరం లేని పరీక్ష ఒకటుంది, దానికి మామూలు యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ద్రావణం తాజాగా కలపండి. అందులో 100 మైక్రోలీటర్లు తీసి 1.1 మిల్లీలీటర్ల ట్రిస్ బఫర్‌లో వేయండి. అది సుమారు 0.1 మిల్లీమోలార్ అవుతుంది. 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీపీహెచ్ మోలార్ గుణకం 6220 కాబట్టి, 1 సెంటీమీటరు క్యూవెట్‌లో రీడింగ్ 0.62 రావాలి. పొడిలో కొంత నీరుంటుంది కనుక 0.55 దాటితే నిశ్చింతగా వాడుకోవచ్చు. 0.4కి పడిపోతే ఆ సీసాతో కీలకమైన సెక్షన్లు ముట్టుకోవద్దు. ఆక్సీకరణం చెందిన ఎన్‌ఏడీపీ 340 దగ్గర దాదాపు ఏమీ చూపించదు, అందుకే ఈ పరీక్ష అబద్ధం చెప్పదు.

ఎన్‌బీటీకి ఇంకా తేలిక పరీక్ష. చిన్న ట్యూబులో స్టెయిన్ ద్రావణం కొంచెం తీసి పీఎమ్‌ఎస్, అంటే ఫినజైన్ మెథోసల్ఫేట్, చిటికెడు వేయండి. కణజాలం లేకుండానే క్షణాల్లో నీలం తిరగాలి. తిరిగితే రెండు పొడులూ బాగున్నట్టు. తర్వాత సెక్షన్ మీద రంగు పడకపోతే తప్పు సెక్షన్‌దే.

10 మిల్లీలీటర్లకు పాళ్లు

ఎన్‌బీటీ 2 మిల్లీగ్రాములు తూచి ముందు 100 మైక్రోలీటర్ల డీఎమ్‌ఎస్‌ఓలో కరిగించండి. నేరుగా బఫర్‌లో వేస్తే సగం కరగక, తర్వాత సూదుల్లాంటి స్ఫటికాలుగా సెక్షన్ మీద వాలుతుంది. దాన్ని 0.1 మోలార్ ట్రిస్ బఫర్, పీహెచ్ 8.0లో కలపండి. పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ కూడా నడుస్తుంది, రంగు కాస్త నెమ్మదిగా వస్తుంది. డిటర్జెంట్ ట్రైటాన్ ఎక్స్-100 మొత్తంలో 0.3 శాతం ఉండాలి. చిక్కటి ట్రైటాన్ 30 మైక్రోలీటర్లు పిపెట్‌తో కచ్చితంగా తీయడం ఎవరివల్లా కాదు. ముందే 10 శాతం స్టాక్ చేసిపెట్టుకుని 300 మైక్రోలీటర్లు వేయండి. 0.45 మైక్రాన్ ఫిల్టర్ గుండా వడకట్టండి. అన్నీ అయ్యాక, సెక్షన్లు సిద్ధంగా ఉన్నాయని చూసుకుని, చివరిగా ఎన్‌ఏడీపీహెచ్ 10 మిల్లీగ్రాములు వేయండి. అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, ఎన్‌బీటీ వెలుతురులో తనంతట తానే నీలమవుతుంది.

37 డిగ్రీల దగ్గర పెట్టి 15 నిమిషాలకొకసారి మైక్రోస్కోప్ కింద చూడాలి. ఇంతసేపు అని గడియారం పెట్టుకుని వెళ్లిపోకూడదు. వెన్నుపాములో 30 నుంచి 60 నిమిషాలు, పేగులో 20 నిమిషాలకే సరిపోవచ్చు. కణం మధ్యలో కేంద్రకం తెల్లటి చుక్కలా ఖాళీగా కనబడుతూ, చుట్టూ సైటోప్లాజం నీలంగా ఉన్నప్పుడు ఆపాలి. కేంద్రకం మూసుకుపోయిందంటే ఆలస్యమైనట్టే. చల్లటి బఫర్‌తో 5 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగితే చర్య ఆగుతుంది.

ఆ తర్వాత చాలామంది చేసే పొరపాటు, మామూలు హెచ్ అండ్ ఈ స్లైడ్ల అలవాటుతో ఆల్కహాల్ మెట్లన్నీ ఎక్కించడం. పూర్తిగా తయారైన డైఫార్మజాన్ ఆల్కహాల్‌కు పెద్దగా కరగదు గానీ, సగం తయారైన మోనోఫార్మజాన్ ఎర్రటి ఊదా రంగులో కరిగి కారిపోతుంది. స్లైడు గాలికి ఆరనిచ్చి గ్లిసరిన్ జెల్లీతో కవర్‌స్లిప్ పెట్టడం క్షేమం. శాశ్వతంగా అతికించే డీపీఎక్స్ కావాల్సిందేనంటే బాగా ఆరాక ఆల్కహాల్‌లో క్షణాలు మాత్రం ముంచి జైలీన్‌కు పోవాలి.

తప్పు ఎక్కువగా జరిగేది సీసాలో కాదు, ఫిక్సేషన్‌లో

ఫిక్స్ చేయని, అంటే ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరచని, సెక్షన్‌లో కణంలో ఉన్న రకరకాల డయాఫొరేజులన్నీ పనిచేసి మొత్తం నీలి ముద్ద అవుతుంది. ఫార్మాల్డిహైడ్ మిగతావాటిని చంపి నాస్‌ను వదలడమే ఈ స్టెయిన్ రహస్యం. కాబట్టి ఫిక్సేషన్ తక్కువైతే అంతా నీలం, ఎక్కువైతే అంతా తెలుపు. ఆ మధ్య సన్నటి దారి మీదే నడవాలి.

ఎలుకలో అయితే గుండె ద్వారా ద్రావణం ఎక్కించే పర్‌ఫ్యూజన్ చేయాలి, అదీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతితోనే. 200 నుంచి 250 గ్రాముల ఎలుకకు ముందు 100 నుంచి 150 మిల్లీలీటర్ల సెలైన్. కాలేయం పాలిపోయాక 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ 250 నుంచి 300 మిల్లీలీటర్లు. అది 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో, పీహెచ్ 7.4లో, అదేరోజు చేసినదై ఉండాలి. తీసిన ముక్కను అదే ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలే ఉంచాలి. రాత్రంతా ఉంచితే రంగు తగ్గుతుంది, వారం ఉంచితే ఆశ వదులుకోవచ్చు. తర్వాత 30 శాతం చక్కెర ద్రావణంలో, ముక్క అడుక్కు మునిగేదాకా. మునగకముందే గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు కణాలను జల్లెడ చేస్తాయి. గడ్డకట్టిన ముక్కను కోసే క్రయోస్టాట్‌లో గాంగ్లియాన్‌కు 12 నుంచి 16 మైక్రోమీటర్లు, వెన్నుపాముకు తేలియాడే పద్ధతిలో 30 నుంచి 40.

రక్తం సరిగా కడిగిపోకపోతే సెక్షన్ గందరగోళంగా కనిపిస్తుంది. రక్తనాళాల లోపలి గోడ సన్నటి నీలం గీతగా కనిపించడం మాత్రం తప్పు కాదు, అది ఎండోథీలియంలో ఉండే వేరే రకం నాస్. దాన్ని నాడీతంతువు అని లెక్కపెట్టేయకండి.

పారఫిన్ బ్లాకులకు ఈ స్టెయిన్ పనికిరాదు. ఆల్కహాల్, జైలీన్, 60 డిగ్రీల మైనం దాటాక ఎంజైమ్ బతకదు. పాథాలజీ విభాగంలో ఏళ్ల తరబడి దాచిన బ్లాకులు వాడాలనుకునేవారు ఈ రెండు సీసాలు కొననేవద్దు, నేరుగా యాంటీబాడీ దగ్గరికి వెళ్లండి.

మొదటి రోజు మేక పేగుతో మొదలుపెట్టండి

ఎలుకను ముట్టుకోకముందే సరుకును పరీక్షించడానికి తిరుపతిలో ఇంతకంటే మంచి దారి లేదు. తెల్లవారుజామున మటన్ కొట్టులో అప్పుడే కోసిన మేక చిన్నపేగు రెండంగుళాలు అడిగి, ఐస్‌లో పెట్టిన చల్లటి బఫర్ సీసాలో వేసుకుని రండి. అరగంట లోపు ఫిక్సేటివ్‌లోకి పోవాలి. పొడవునా కోసి, కడిగి, మైనం పళ్లెం మీద బాగా సాగదీసి సూదులు గుచ్చి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 2 గంటలు. తర్వాత లోపలి శ్లేష్మపొరను, దాని కింది పొరను, అడ్డకండరాన్ని చిమటాతో పొరపొరగా ఒలిచేయాలి. చివరికి పలచటి నిలువు కండరపు పొర, దానికి అంటుకున్న నాడీజాలం మిగులుతుంది.

ఆ పొరను స్టెయిన్‌లో వేసి 10 ఎక్స్ కింద చూడండి. పదిహేను, ఇరవై నిమిషాలకు ఖాళీ బూడిద రంగు మీద ముందు చిన్న చిన్న నీలి గింజలు తేలతాయి. తర్వాత వాటి మధ్య దారాలు. కాసేపటికి చేపల వలలాగా ముడులు, ముడుల మధ్య తాళ్లు. ఒక్కో ముడిలో కొన్ని కణాలు ముదురు నీలం, పక్కనే అదే పరిమాణం ఉన్న కణాలు పూర్తిగా తెల్లగా. ఆ తెల్ల కణాలే మీ స్టెయిన్ నిజమైనదనడానికి సాక్ష్యం. అన్నీ నీలమైతే అనుమానించాలి. నీలి కణాల చుట్టూ పొట్టి శాఖలు, ఒకే ఒక పొడవాటి ఆక్సాన్ కనిపిస్తాయి. ఇవే పేగు కండరాన్ని సడలించే నాడులు. అన్నవాహిక కింది కవాటం దగ్గర ఇలాంటి నాడులు నశిస్తేనే అకలేషియా అనే జబ్బులో మెతుకు దిగదు. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బులో గాంగ్లియాన్ లేని పేగు ముక్కలో ఈ నీలి వల కనిపించదు.

ప్రతి బ్యాచ్‌కూ ఎన్‌ఏడీపీహెచ్ వేయని ఒక స్లైడు తప్పక ఉండాలి. అది తెల్లగా మిగలాలి. మిగలకపోతే కణజాలంలోని థయాల్ సమూహాలో, వెలుతురో, పీహెచ్ పెరగడమో ఎన్‌బీటీని తగ్గిస్తున్నట్టు.

ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

స్వయంచోదిత నాడీవ్యవస్థలో ఈ స్టెయిన్ బంగారం. ఎలుక ఛాతీ భాగపు వెన్నుపామును అడ్డంగా కోస్తే పక్కకొమ్ములో, ఇంటర్‌మీడియోలాటరల్ స్తంభంలో, సింపథెటిక్ ప్రీగాంగ్లియానిక్ కణాలు గుత్తిగా ముదురు నీలంలో దొరుకుతాయి. అదే వెన్నుపామును బల్లపరుపుగా, హారిజాంటల్‌గా కోసి చూడండి. రెండు వైపులా రెండు నిలువు నీలి గీతలు, వాటిని మధ్య కాలువ దగ్గరికి కలుపుతూ అడ్డపట్టీలు, అచ్చం నిచ్చెన. ఒక్క సెక్షన్‌లో ఇంత సమాచారం ఇచ్చే స్టెయిన్ ఇంకొకటి చూపించడం కష్టం. కింద నడుము, త్రికాస్థి భాగాల ఎల్6, ఎస్1 దగ్గర పారాసింపథెటిక్ కేంద్రకమూ అంతే. అక్కడి నుంచి కటి గాంగ్లియాన్‌కు పోయే దారిలో, పురుషాంగానికి వెళ్లే నాడీకణాల్లో నాస్, వీఐపీ అనే పెప్టైడ్ రెండూ కలిసి ఉంటాయి. సిల్డెనాఫిల్ పనిచేసేది ఈ నాడులు మొదలుపెట్టిన సీజీఎమ్‌పీ అనే సంకేత అణువు గొలుసు చివర. ముఖంలో స్ఫీనోపాలటైన్ గాంగ్లియాన్ దాదాపు మొత్తం నీలమే. సుపీరియర్ సర్వైకల్ గాంగ్లియాన్‌లో మాత్రం నీలి కణాలు అరుదు, కణాల చుట్టూ బుట్ట అల్లినట్టు నీలి తంతువులు కనిపిస్తాయి. అవి వెన్నుపాము నుంచి వచ్చినవి. రెండింటినీ ఒకటిగా లెక్కపెడితే ఫలితం తారుమారు.

జ్ఞాననాడుల దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త. వెన్నుపాము పృష్ఠకొమ్ములో రెండో పొర, మూడో పొర అంచు వరకు నీలం బాగా నమ్మదగినదే. కానీ జ్ఞాననాడీకణాలుండే డార్సల్ రూట్ గాంగ్లియాన్‌లో (డీఆర్‌జీలో) నీలానికీ యాంటీబాడీకీ పూర్తిగా పొత్తు కుదరదు. లేత నీలం కణాలు ఎక్కువగా పడతాయి, వాటిలో అన్నింటిలోనూ నాస్ ఉండదు. ఎలుకలో ఎల్4, ఎల్5 గాంగ్లియాన్లలో మామూలుగా నాస్ కణాలు కొద్దిగానే ఉంటాయి. సయాటిక్ నాడి కోసిన కొద్ది రోజులకు వాటి సంఖ్య బాగా పెరుగుతుంది. నొప్పి పరిశోధనలో ఈ పెరుగుదలే అసలు విషయం. లేత నీలం దగ్గర ఒకరు గీత పైన, ఒకరు గీత కింద పెట్టి లెక్కిస్తే పెరుగుదల ఎంతైనా తేల్చొచ్చు. అందుకే గాంగ్లియాన్ లెక్కలకు ముదురు కణాలే లెక్కించాలి. ఏది ముదురో ముందే ఒక స్లైడు ఫొటోతో ఖాయం చేసుకోవాలి. లెక్కించేవారికి ఏ స్లైడు ఏ ఎలుకదో తెలియకూడదు. ఇక యాంటీబాడీతో కనీసం కొన్ని సెక్షన్లు సరిపోల్చకుండా డీఆర్‌జీ ఫలితం రాయవద్దు.

న్యూరోనల్ నాస్ యాంటీబాడీ

పారఫిన్ బ్లాకులున్నవారికి, డీఆర్‌జీ చేసేవారికి ఇది తప్పనిసరి. కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు మూడే. ప్రొటీన్‌లో ఏ చివరకు తయారైంది? ఎన్-చివరదైతే, జీన్‌లో రెండో ఎక్సాన్ లేని చిన్న రూపాలను పట్టుకోదు. సీ-చివరదైతే వాటినీ పట్టుకుంటుంది. వెస్టర్న్ బ్లాట్‌లో సుమారు 155 నుంచి 160 కిలోడాల్టన్ల దగ్గర ఒకే గీత చూపించారా? ఏ జంతువులో తయారైంది?

మూడో ప్రశ్న తిరుపతిలో చాలా ముఖ్యం. ఇక్కడ సులువుగా దొరికేది మేక, గొర్రె కణజాలం. గొర్రెలో తయారైన యాంటీబాడీని మేక పేగు మీద వాడితే, గొర్రె యాంటీబాడీని (ఐజీజీని) పట్టే రెండో యాంటీబాడీ, అంటే సెకండరీ, మేక సొంత ఐజీజీని కూడా పట్టేస్తుంది. స్లైడంతా గోధుమ రంగు. గొర్రె ప్రైమరీ (మొదటి యాంటీబాడీ) వాడుతూ బ్లాకింగ్‌కు మేక సీరం వేసినా ఇదే తంటా. కుందేలులో తయారైన పాలీక్లోనల్ ఈ ఊరి పనికి అన్నివిధాలా హాయి.

పారఫిన్ సెక్షన్‌కు పీహెచ్ 6.0 సిట్రేట్ బఫర్‌లో యాంటీబాడీ పట్టే చోట్లను తెరిచే వేడి రిట్రీవల్ అవసరం. 1:1000 పలుచనతో మొదలుపెట్టి, 1:500, 1:2000 కూడా పక్కపక్కనే పెట్టి చూడాలి. తేలియాడే సెక్షన్లకు 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి చాలదు, రెండు రాత్రులు ఉంచితే యాంటీబాడీ లోపలి దాకా దిగుతుంది. వచ్చినరోజే 10 మైక్రోలీటర్ల చొప్పున విడదీసి గడ్డకట్టించాలి, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఒకే సెక్షన్‌లో రెండు స్టెయిన్లూ కావాలంటే వరస ముఖ్యం. ముందు ఫ్లోరసెంట్ యాంటీబాడీ, ఫొటోలు తీసుకోవడం, ఆ తర్వాతే డయాఫొరేజ్. ఫార్మజాన్ ముందు పడితే అది కాంతిని మింగేసి ఫ్లోరసెన్స్‌ను కప్పేస్తుంది. అప్పుడు 'నీలం ఉన్నచోట యాంటీబాడీ లేదు' అనే తప్పుడు నిర్ణయానికి వస్తాం.

మిగతా రెండూ

గ్రీస్ కిట్ మంచిదే, కానీ ఈ పనికి కాదు. అది నైట్రైట్‌ను గులాబీ రంగుగా 540 నానోమీటర్ల దగ్గర చూపిస్తుంది. కణజాలాన్ని నలిపాక ఏ నాడి నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? నాడీ మార్గాల పనిలో అది రెండో వరుస సాక్ష్యం మాత్రమే. వాడేవారు గాజు సామాను బోరు నీళ్లతో కడిగి వదిలేయకుండా డీఅయనైజ్డ్ నీళ్లతో మళ్లీ కడగాలి. బోరు నీళ్లలోని నైట్రేట్, రిడక్టేజ్ మెట్టు ఉన్న కిట్లో నైట్రైట్‌గా మారి లెక్కలోకి ఎక్కేస్తుంది. ఆ మెట్టులో ఎన్‌ఏడీపీహెచ్ మిగిలిపోతే గులాబీ రంగు తగ్గుతుంది, దాన్ని తీసేసే ఏర్పాటు కిట్లో ఉందో లేదో చూసుకోవాలి.

డాఫ్-ఎఫ్‌ఎమ్ బతికున్న కణాలకు. 495 దగ్గర వెలుతురు ఇస్తే 515 దగ్గర పచ్చగా మెరుస్తుంది. కల్చర్‌లో పెంచిన న్యూరాన్లకు సరే. ఫిక్స్ చేసిన స్లైడుకు కాదు.

తిరుపతికి తెప్పించేటప్పుడు

సరుకు ఎక్కువగా చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో వస్తుంది. చెన్నై రోడ్డున మూడు, నాలుగు గంటలే. ఎన్‌ఏడీపీహెచ్‌కు, యాంటీబాడీకి వీలైతే చెన్నై స్టాకునే అడగండి. ఏప్రిల్, మే నెలల ఎండలో జెల్ ప్యాక్ సాయంత్రానికి వెచ్చని నీళ్ల సంచి అవుతుంది, ఆ నెలల్లో డ్రై ఐస్ లేకుండా ఒప్పుకోవద్దు. సోమవారం బయల్దేరేలా ఆర్డరు పెట్టండి. శుక్రవారం బయల్దేరిన పెట్టె శని, ఆదివారాల యాత్రికుల రద్దీలో గోడౌన్‌లో ఆగిపోతుంది. బ్రహ్మోత్సవాల వారంలో, ముఖ్యంగా గరుడసేవకు అటూ ఇటూ, చల్లటి సరుకేదీ తెప్పించకపోవడమే మేలు.

పెట్టె చేతికి రాగానే ఫ్రిజ్‌లో పారేయకుండా తెరిచి చూడండి. ఐస్ మిగిలిందా, సీసా ఎక్కడుంది, తేదీ ఏంటి, ఫొటో తీసుకోండి. కరిగి వస్తే అదే గంటలో డీలర్‌కు పంపితే మార్చి ఇస్తారు, వారం తర్వాత చెబితే వినేవారు ఉండరు. ఎన్‌ఏడీపీహెచ్ సీసాను మూత తీయకుండా అరగంట గది ఉష్ణోగ్రతకు రానివ్వండి. చల్లటి సీసా తెరిస్తే గాలిలోని తేమ పొడి మీద మంచులా పడుతుంది. తర్వాత 10 మిల్లీగ్రాముల చొప్పున చిన్న ట్యూబుల్లో తూచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టి, మైనస్ 20లో దాచండి. దానంతట అదే మంచు కరిగించుకునే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ వద్దు. అది రోజూ వేడెక్కి చల్లబడుతుంది. పాతకాలపు, చేత్తో మంచు గీకే ఫ్రీజర్ దీనికి ఎంతో మేలు. ప్రతి ట్యూబు మీద తూచిన తేదీతో పాటు ఆరోజు 340 దగ్గర వచ్చిన రీడింగ్ కూడా రాసిపెట్టండి.